ఎనిమిది వందల ఏళ్ల నాటి పాట, నేటి స్వరకర్త

ప్రశ్న: పన్నెండో శతాబ్దపు చర్చి గీతాలు పాడే యూరప్ బృందాలే ఆర్వో పార్ట్, స్టీవ్ రైష్ వంటి నేటి స్వరకర్తల కొత్త రచనలను కూడా పాడుతున్నాయి. పేరున్న ఒపేరా గాయకులను కాదని వీరినే ఎందుకు ఎంచుకుంటారు? ఇది రికార్డుల అమ్మకాల కోసం చేసుకున్న ఏర్పాటేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీరు గమనించింది నిజమే కాని, దీని వెనుక అమ్మకాలను మించిన కారణం ఉంది. ఒపేరా గాయకుల గొంతు పెద్ద ఆర్కెస్ట్రాను దాటి చివరి వరుస దాకా వినిపించాలి కనుక, స్వరాన్ని సన్నగా కదిలిస్తూ నిండుగా పలికించే వైబ్రాటో వారి శిక్షణలో భాగమైపోయింది. పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చికి చెందిన, సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందటి స్వరకర్త పెరోటిన్ రచనల్లో మూడు నాలుగు గొంతులు పక్కపక్కనే నడుస్తూ షడ్జమ పంచమాల్లా కచ్చితంగా కలవాలి. కదిలే గొంతుతో ఆ కలయిక మసకబారుతుంది. అందుకే 1974లో ఇంగ్లండులో మొదలైన హిలియర్డ్ ఎన్‌సెంబుల్ వంటి బృందాలు నిలకడైన గొంతును సాధన చేశాయి.

అంతకన్నా ముఖ్యమైనది వారు రాతప్రతిని చదివే తీరు. మధ్యయుగపు ప్రతిలో వేగం ఎంతో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఉండదు. (మన కృతుల్లో రాతకు అందని గమకాలు గురుముఖంగా వస్తాయి, అక్కడ ఆ గురుశిష్య పరంపర ఎప్పుడో తెగిపోయింది.) కాబట్టి ఆ గాయకులు అలవాటు మీద ఆధారపడకుండా, ప్రతి స్వరం ఎందుకుందో తామే తేల్చుకోవడం నేర్చుకున్నారు. ఇంకా ఎవరూ పాడని కొత్త రచన చేతికి వచ్చినప్పుడు కావలసిన నేర్పు సరిగ్గా ఇదే.

పార్ట్ విషయమే చూడండి. 1935లో ఎస్టోనియాలో పుట్టిన ఆయన, 1968 తర్వాత కొన్నేళ్లపాటు కొత్త రచనలు దాదాపు మానేసి గ్రెగోరియన్ గీతాలను (అందరూ ఒకే వరుసలో పాడే పాత చర్చి గీతాలు), తొలినాటి బహుగళ సంగీతాన్ని (వేర్వేరు గొంతులు వేర్వేరు వరుసల్లో కలిసి పాడేది) అధ్యయనం చేశారు. అదే కాలంలో, 1972లో, ఆండ్రెస్ ముస్తొనెన్ టాలిన్‌లో హోర్టుస్ మ్యూజికుస్ అనే ప్రాచీన సంగీత బృందాన్ని నెలకొల్పారు. 1976లో పార్ట్ కొత్త శైలిని తొలిసారి వేదికపై వినిపించిన వారిలో ఈ బృందం ఉంది.

ఆ ఏడాదే పియానో కోసం ఆయన రాసిన ‘ఫ్యూర్ అలీనా’ ప్రతిలో తాళానికి గుర్తు లేదు. కుడి చేయి చిన్న రాగఖండాన్ని వాయిస్తుంటే, ఎడమ చేయి ఒకే మైనర్ కార్డ్‌కు (కలిసి పలికే స్వరాల గుంపు) చెందిన మూడు స్వరాల మధ్యే తిరుగుతుంది. ఒక్కో పాదం ఒక్కో స్వరం చొప్పున పెరిగి, మళ్లీ అలాగే తగ్గుతుంది. ఒక్క చోట మాత్రం ఎడమ చేయి ఆ మూడింటిని దాటుతుంది, అక్కడ ప్రతిలో ఒక పువ్వు గీసి ఉంటుంది. ఇలాంటి రచనలో భావావేశాన్ని బయటినుంచి తెచ్చి నింపబోతే అది విరిగిపోతుందని నా నమ్మకం. పార్ట్ 1982లో పూర్తి చేసిన ‘పాసియో’ను (క్రీస్తు శ్రమల గాథ) హిలియర్డ్ గాయకులు 1988లో రికార్డు చేశారు, ఆ గొంతుల్లో ఆడంబరం లేకపోవడమే రచనకు బలమైంది.

రైష్ తాను పెరోటిన్‌కు రుణపడ్డానని దాచుకోలేదు. పెరోటిన్ పాటలో కింది గొంతు ఒకే అక్షరం మీద చాలాసేపు నిలిచి ఉండగా, పై గొంతులు దాని మీద లయతో ఆడుకుంటాయి. 1995 నాటి ‘ప్రావర్బ్’లో సొప్రానోలు (ఎత్తు స్థాయిలో పాడే గాయనులు) తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ రాసిన ఒకే ఒక వాక్యాన్ని సాగదీసి పాడుతుండగా, టెనర్ గాయకులు (ఎత్తు స్థాయిలో పాడే పురుషులు) ఆ పాత పద్ధతిలోనే కదులుతారు. ఆ రచనకు తొలి ఆలోచన అందించింది హిలియర్డ్ బృంద స్థాపకుల్లో ఒకరైన పాల్ హిలియర్.

ప్రశ్న: వాయిద్యాల్లోనూ ఇలా జరిగిందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: జరిగింది, ఇంకా ముందే జరిగింది. వాద్యకారిణి వాండా లాండోవ్‌స్కా చేతిలో, పియానో కన్నా పాతదైన మీటల వాయిద్యం హార్ప్సికార్డ్‌కు మళ్లీ ప్రాణం వచ్చాక, ఆమె కోసమే స్వరకర్తలు మాన్యుయెల్ ద ఫాయా, పులాంక్ కొత్త కన్చెర్టోలు (ఒక వాయిద్యం ప్రధానంగా, మిగతావి తోడుగా నడిచే రచనలు) రాశారు. మొదటిది 1926లో, రెండోది 1929లో వేదికెక్కాయి. 1968లో లిగెటి రాసిన ‘కంటిన్యుయమ్’ మరో దారి పట్టింది. హార్ప్సికార్డ్ తీగను మీటుతుంది కనుక ప్రతి స్వరం వెంటనే అణగిపోతుంది. స్వరాలను విడివిడిగా పట్టుకోలేనంత వేగంగా వాయిస్తే, అవన్నీ కలిసి ఒకే ధారగా వినిపిస్తాయి. పాత కాలపు సంగీతాన్ని అనుకరించకుండా, ఆ వాయిద్యపు యంత్రాంగం నుంచే ఆయన తన సంగీతాన్ని రాబట్టారు.