ఉద్యోగంలో ఆన్‌లైన్ ట్రైనింగ్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమేనా?

ఉంది. పటాన్‌చెరు వైపు మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. రెండు రకాల ట్రైనింగులూ చూశాను.

పాత పద్ధతిలో నైట్ షిఫ్ట్ దిగినవాళ్లను పొద్దున్నే ఇంటికి పోనివ్వకుండా ట్రైనింగ్ రూములో కూర్చోబెట్టేవారు. క్యూఏ (నాణ్యత చూసే విభాగం) నుంచి ఒకాయన వచ్చి ఇంగ్లిష్ ఎస్‌ఓపీని, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రాన్ని, తెర మీద వేసి చదువుకుంటూ పోయేవాడు. సగం మందికి కళ్లు మూతలు పడుతుండేవి. చివర్లో షీటు చేతులు మారేది, 'చదివాను, అర్థమైంది' అన్నచోట అందరం సంతకం పెట్టేవాళ్లం. పనివాళ్లకు వాళ్లు చేసే పనిలో శిక్షణ ఇచ్చి తీరాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్‌ఆర్ 211.25 చెబుతుంది, మన దేశంలో మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం కూడా అడుగుతుంది. మా ఫైళ్లలో సంతకాలన్నీ పక్కాగా ఉండేవి, బుర్రకు ఎంత ఎక్కిందో మాత్రం ఎవరూ చూడలేదు.

తర్వాత ట్యాబ్‌లో చిన్న చిన్న తెలుగు వీడియోలు వచ్చాయి. లైన్ క్లియరెన్స్ (కొత్త బ్యాచ్ ఎక్కించేముందు పాతది ఏమీ మిగల్లేదని చూసుకోవడం) మీద ఉన్నది ఏడు నిమిషాలే, మాత్రలు అచ్చు వేసే మా కంప్రెషన్ రూములోనే తీశారు. వీడియో అయ్యాక మెషిన్ ఫొటో వస్తుంది, పాత బ్యాచ్ మాత్ర ఎక్కడెక్కడ ఇరుక్కునే అవకాశం ఉందో వేలితో నొక్కి చూపించాలి. మా దగ్గర ఐటీఐ చదివిన ఒక పెద్ద ఆపరేటర్ ఉన్నాడు, క్లాసులో ఏనాడూ నోరు విప్పని మనిషి. మొదటిసారి రెండు చోట్లు తప్పాడు. క్యాంటీన్‌లో చాయ్ పక్కన పెట్టేసి మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు, నాలుగోసారికి అన్నీ సరిగ్గా నొక్కి, "ఈడ గూడ ఉంటదని ఇన్నేండ్లల్ల నాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు.

రెండు వారాల తర్వాత, రాత్రి రెండింటికి షుగర్ మాత్రల బ్యాచ్ తీసేసి బీపీ మందు ఎక్కించబోతున్నాం. క్లీనింగ్ అయిపోయింది, చెక్‌లిస్టులో టిక్కులు కూడా పడ్డాయి. ఆయన టార్చి పట్టుకుని మెటల్ డిటెక్టర్ కిందికి వంగి, రిజెక్ట్ డబ్బా పైన ఉండే ఫ్లాప్ వెనక్కి వేలు పెట్టి, అంచు విరిగిన తెల్ల మాత్ర ఒకటి బయటికి తీశాడు. అది ఏ బీపీ పేషెంటు స్ట్రిప్పులోకైనా వెళ్లి ఉంటే? నాకు ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత మా లైన్లో తప్పులు తగ్గాయి, అది ఆ వీడియోల వల్లే, నాకు అనుమానమే లేదు.

మా అక్క గవర్నమెంట్ టీచర్, కరోనా టైంలో ప్రభుత్వ దీక్ష యాప్‌లో టీచర్ల శిక్షణ 'నిష్ఠ' 18 మాడ్యూళ్లు ఫోన్‌లోనే పూర్తి చేసింది. అర్థం కానిచోట ఎవరినీ అడగకుండా వెనక్కి తిప్పుకోవచ్చు, అదే తనకు నచ్చిందట. గౌను వేసుకోవడం, మెషిన్ విప్పి బిగించడం లాంటివి మనిషి పక్కనుండి నేర్పాల్సిందే, అది వేరే సంగతి.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, హెడ్డాఫీసు పంపే మిగతా కోర్సులన్నీ ఇప్పటికీ ఇంగ్లిష్‌లోనే. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసేవాళ్లకు కంప్యూటర్ ముందు ఎలా కూర్చోవాలో చెప్పే కోర్సు దేనికి? పైగా సెలవు రోజు, సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చేయమంటారు. ట్రైనింగ్ కూడా డ్యూటీయే, షిఫ్టులోనే టైం ఇవ్వాలి. నెక్స్ట్ నొక్కుకుంటూ పోయేది ఇలాంటి కోర్సులనే.

మీ కంపెనీలో ఇప్పుడిప్పుడే మొదలుపెడుతుంటే, తెలుగులో కావాలని ముందే రాసివ్వండి. మాకు కూడా ఆ వీడియోలు ఊరికే రాలేదు, నలభై మందిమి సంతకాలు పెట్టి ఇచ్చాకే వచ్చాయి.