అంచెలంచెలుగా సముద్రం దాకా: కాలినడకపై పాఠకుల ప్రశ్నలు

కృష్ణా పడమటి డెల్టాలో కాలువ గట్ల వెంట దూరపు నడక సాగించాలనుకుంటున్న విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మరో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి విజయవాడ నుండి సముద్రం వరకు నడవాలని కోరిక. ఇల్లు వదలి వారం రోజులు వెళ్లే వీలు మా ముగ్గురిలో ఎవరికీ లేదు కనుక, ఆదివారాలలో కొంత కొంత నడిచి పూర్తి చేయాలనుకుంటున్నాము. రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? దారిని ఎలా విభజించుకోవాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కిలోమీటర్ల లెక్క తర్వాత వేసుకోవచ్చును, ముందుగా రైళ్ల వేళలు తెలుసుకోండి. అంచెలుగా నడిచేవారికి దారిని విభజించి పెట్టేవి ఉదయం దింపే బండి, తిరిగి ఎక్కించుకునే బండి. పన్నెండు కిలోమీటర్లు హాయిగా నడిచిన మనిషి ఆటో కూడా దొరకని చోట ఆగిపోతే, మిట్టమధ్యాహ్నం మరో నాలుగైదు కిలోమీటర్లు తారు రోడ్డు మీద లారీల పక్కన నడవవలసి వస్తుంది. చాలామంది రెండో ఆదివారం ఇల్లు కదలకపోవడానికి కారణం ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే.

ఈ విషయంలో మీ ఊరివారు అదృష్టవంతులు. సీతానగరం దగ్గర బయలుదేరే కృష్ణా పడమటి ప్రధాన కాలువ దక్షిణంగా దుగ్గిరాల వరకు సాగుతుంది. విజయవాడ–తెనాలి రైలు మార్గం కూడా దానికి మరీ దూరం జరగకుండానే పోతుంది. కృష్ణా కెనాల్ జంక్షన్, కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల, కొలకలూరు, తెనాలి అనే వరుసలో స్టేషన్లు ఉన్నాయి. చిన్న స్టేషన్లలో ప్యాసింజరు బండ్లు మాత్రమే ఆగుతాయి కనుక, ఏ బండి ఏ వేళకు ఉన్నదో బయలుదేరే ముందు రోజు మరొకసారి చూసుకోవడం అవసరం. సీతానగరం నుండి దుగ్గిరాలకు సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. దీనిని పెదవడ్లపూడి దగ్గర తెంచి రెండు ఆదివారాలు చేసుకోండి. దుగ్గిరాల నుండి తెనాలికి మూడో ఆదివారం.

తెనాలి దాటిన తర్వాత ఒకే గట్టు మిమ్మల్ని సముద్రం దాకా తీసుకుపోదు. పంట కాలువల గట్లను, ఊళ్ల మధ్య రోడ్లను కలుపుకొంటూ చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల చేరాలి. ఇవన్నీ చెన్నై వైపు పోయే రైలు మార్గంలోని స్టేషన్లే కనుక తెంచుకునే చోట్లకు లోటు లేదు. నాలుగు అంచెలు సరిపోతాయి. బాపట్ల నుండి సూర్యలంక తీరానికి 9 కిలోమీటర్లు. మొత్తం 80, 90 కిలోమీటర్ల మధ్య తేలే ఈ నడక ఎనిమిది ఆదివారాలలో పూర్తవుతుంది. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున, ఆగి కాఫీ తాగిన వేళ కూడా కలుపుకొన్నా, ఒక్కొక్క అంచె నాలుగు గంటలకు మించదు. ఉదయం ఆరున్నరకు మొదలుపెడితే ఎండ ముదిరేలోపు స్టేషనులో కూర్చోవచ్చును.

మరొక సూచన. విజయవాడ నుండి బయలుదేరి దూరంగా నడిచి, అక్కడ తిరుగు బండి కోసం ఎదురు చూడడం కంటే, ఉదయమే రైలులో అంచె చివరకు వెళ్లి ఇంటివైపు నడవడం మేలు. బండి వేళకు అందుకోవలసిన తొందర ఉదయంతోనే తీరిపోతుంది. ఆపైన నడుస్తున్నకొద్దీ బండ్లు ఎక్కువగా దొరికే వైపుకే చేరుతూ ఉంటారు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు కనుక ఉత్తరంగా నడిచేవారికి ఎండ వీపు వైపు పడుతుంది, ముఖం మాడదు. ఒక్కొక్క ముక్కను ఇలా వెనుక నుండి ముందుకు నడిచినా మొత్తం దారిలో లోటేమీ రాదు. ఏ అంచె ఎక్కడ ఆగిందో మాత్రం చెరగని గుర్తుతో రాసి పెట్టుకోండి: వంతెన, లాకు, గుడి వంటివి. చెట్టునో కొట్టునో గుర్తు పెట్టుకుంటే వచ్చే నెలకు అది ఉండకపోవచ్చును.

కాలానికి వస్తే, డిసెంబరు రెండో వారం నుండి ఫిబ్రవరి చివరి వరకు అనువైన రోజులు. అంతకు ముందు తుఫానుల భయం, వరికోతల హడావుడి. మార్చి దాటితే ఎండ. జనవరి ఉదయాలలో మంచు దట్టంగా పడుతుంది కనుక రోడ్డు మీద నడవవలసిన చోట కుడివైపున, ఎదురు వచ్చే బండ్లు కనిపించేటట్లు, లేత రంగు దుస్తులతో నడవండి. ఫిబ్రవరిలో దుగ్గిరాల పరిసరాలకు వెళ్లేటట్లు అంచెలు అమర్చుకుంటే పసుపు ఉడకబెట్టి కళ్లాలలో ఆరబోయడం చూడగలుగుతారు. నా మటుకు నేను ఆ ఒక్క కారణంతోనే దుగ్గిరాల అంచెను చివరికి ఉంచుకుంటాను.

ప్రశ్న: కాలువ గట్టు మీద నడవడానికి ఎవరి అనుమతి అయినా కావాలా? మా గుంటూరు నుండి మొదలుపెట్టేవారికి ఏది దగ్గర? కృష్ణ కరకట్ట ఇంకా అందంగా ఉంటుందని మిత్రులు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాలువలు, గట్లు జలవనరుల శాఖ అధీనంలో ఉంటాయి. ఊళ్లవారు పొలాలకు, బడులకు నిత్యం నడిచే దారులే కనుక నడిచి వెళ్లేవారిని సాధారణంగా ఎవరూ అడ్డగించరు. లాకుల మీద, తలుపుల యంత్రాల దగ్గర మాత్రం ఎక్కకూడదు. అసలు ఈ గట్లు అంత వెడల్పుగా ఉండడానికి కారణం ఉన్నది. ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు 1855లో బెజవాడ వద్ద పాత ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ కాలువలు సాగునీటితోపాటు పడవలకు కూడా పనికివచ్చాయి. గాలి లేని వేళల్లో మనుషులు గట్టు మీద నడుస్తూ పడవలను తాళ్లతో లాగేవారు. లాకులు కట్టినది కూడా పడవల కోసమే. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పడవలు పోయాయి, గట్టు మిగిలింది.

గుంటూరు వారికి సంగం జాగర్లమూడి అనువైన చోటు. గుంటూరు–తెనాలి రైలులో అక్కడ దిగితే కొమ్మమూరు కాలువ అందుతుంది. ఈ కాలువ దుగ్గిరాల దగ్గర మొదలై నైరుతిగా పెదగంజాం వరకు పోయి బకింగ్‌హామ్ కాలువతో కలుస్తుంది; కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు 2008లో ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో ఇదీ ఒక భాగం. సంగం జాగర్లమూడి నుండి దుగ్గిరాల వైపు నడిచి, అక్కడ రైలు ఎక్కి తెనాలి మీదుగా గుంటూరు చేరవచ్చును. కాలువ వెంట దక్షిణంగా కాకుమాను వైపు పోయేకొద్దీ రైలు దూరమవుతుంది, ఆర్టీసీ బస్సు ఒక్కటే దిక్కు. అటువైపు నడక అలవాటైన తరువాత వెళ్లండి.

కరకట్ట అందమైనదనడంలో సందేహం లేదు. బ్యారేజీ దిగువన కొల్లిపర, కొల్లూరు వైపు ఒక పక్క నది, లంకలు, మరో పక్క అరటితోటలు. కాలువ గట్టు మీద అంత విశాలమైన చూపు దొరకదు. అయినా మొదటిసారి నడిచేవారికి దానిని నేను సిఫారసు చేయను. దగ్గరలో రైలు లేదు, నీడ తక్కువ, ఇసుక ట్రాక్టర్లు తిరిగే చోట దుమ్ము లేస్తుంది. ఆగస్టు నుండి అక్టోబరు వరకు వరద వార్త వినిపిస్తే అటు వెళ్లనే కూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలవలసి వచ్చిన సంగతి మనకు తెలిసినదే.

దారి దగ్గర పడుతుందని రైలు పట్టాల మీద నడిచేవారు కొందరు ఉంటారు. అది ప్రాణాపాయం; రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హం కూడా.

ప్రశ్న: ఒక్క బిగిని నడిస్తేనే పాదయాత్ర అవుతుందని, ఆదివారానికి ఒక ముక్క నడిచి ఇంటికి వచ్చి పడుకుంటే అది షికారు మాత్రమేనని మా బావగారు ఎగతాళి చేస్తున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: దండి యాత్రను ఆయనకు గుర్తు చేయండి. 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరిన గాంధీజీ సుమారు 385 కిలోమీటర్లు నడవడానికి 24 రోజులు తీసుకున్నారు. అంటే రోజుకు సగటున 16 కిలోమీటర్లే, ఏ రాత్రి ఏ ఊరిలో ఆగాలో ముందే నిర్ణయమై ఉన్నది, సోమవారాలు విశ్రాంతి. అప్పటికి ఆయన వయస్సు 60. రాత్రికి ఇంటికి వచ్చి పడుకోవడం ఒక్కటే మీకూ ఆ యాత్రకూ నడకలో ఉన్న తేడా. ఇక బావగారిని ఒక ఆదివారం వెంట తీసుకువెళ్లి చూడండి. ఎగతాళి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తేలిపోతుంది.

ప్రశ్న: మా వారికి అరవై రెండేళ్లు, పదేళ్లుగా సుగర్ ఉన్నది, మాత్రలు వాడుతున్నారు. రోజూ ఉదయం ఇందిరాగాంధీ స్టేడియం పరిసరాలలో ముప్పావు గంట నడుస్తారు. ఆయన పది కిలోమీటర్ల నడకకు రావచ్చునా?
– ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: వైద్యుని అడిగి రావచ్చును, ఒక్కసారిగా మాత్రం కాదు. ముప్పావు గంట నడిచే మనిషి మూడు గంటలు నడవాలంటే నెలా రెండు నెలలపాటు వారానికి ఒక రోజు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. సుగర్ మాత్రలలో కొన్ని రకాలు, ఇన్సులిన్, ఎక్కువ శ్రమ చేసిన రోజున చక్కెర శాతాన్ని ప్రమాదకరంగా తగ్గిస్తాయి; అందువల్ల ఆ రోజు మోతాదు మార్చాలా అని వైద్యునే అడగాలి, సొంతంగా మానివేయకూడదు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, అకారణమైన చిరాకు, తడబాటు కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, పావు గంట తరువాత పరీక్షించి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. అందుకని గ్లూకోజు పొట్లం, గ్లూకోమీటరు ఆయన జేబులోనూ మీ సంచిలోనూ కూడా ఉండాలి. నడక ముగిసిన తరువాత కూడా, ఆ రాత్రి వరకు, చక్కెర పడిపోయే అవకాశం ఉంటుందని చాలామందికి తెలియదు. ఆ రోజు రాత్రి భోజనం మానవద్దు, పడుకునే ముందు ఒకసారి పరీక్ష చేయించండి.

అంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి పాదాలు. చాలాకాలంగా సుగర్ ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. గులకరాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచి పగిలినా తెలియదు, అది పుండుగా మారిన తరువాతనే తెలుస్తుంది. గట్టు మెత్తగా ఉందని చెప్పులు విడిచి నడవడం ఆయనకు పూర్తిగా నిషిద్ధం. బూట్లు సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్న వేళ, వేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండేటట్లు కొనండి. కొత్త బూట్లతో దూరపు నడకకు రావద్దు. నూలు మేజోళ్లు చెమటకు తడిసి ఆరవు కనుక మరో జత వెంట ఉంచుకుని దారిలో మార్చాలి. ప్రతి గంటకూ ఒకసారి బూట్లు విప్పించి పాదాలు మీరే చూడండి. చూశానని ఆయన చెప్పినా చూడండి.

ప్రశ్న: గట్ల మీద పాములు, ఊరి పొలిమేరల్లో కుక్కలు ఉంటాయని మా అమ్మ వెళ్లనివ్వడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మగారి భయం అకారణం కాదు. నాగుపాము, రక్తపింజర, కట్లపాము మూడూ డెల్టా పొలాలలో ఉంటాయి. వెలుతురు వచ్చిన తరువాతనే బయలుదేరడం, గట్టు నడుమ నడవడం, గడ్డిలో, గడ్డివాముల దగ్గర కూర్చోకపోవడం, చేతికర్రతో తట్టుకుంటూ పోవడం చాలావరకు కాపాడతాయి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం అన్నీ కాలయాపనే. కాటు పడిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే పెద్ద ప్రభుత్వాసుపత్రికి చేరాలి. కుక్కలు మీదికి వస్తే పరుగెత్తవద్దు. నిలబడి, వాటి వైపు తేరిపార చూడకుండా మెల్లగా పక్కకు తప్పుకోండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తారని చెప్పండి, అమ్మగారు ఒప్పుకోవచ్చును.

ప్రశ్న: వచ్చే వేసవిలో లండన్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. అక్కడ నది వెంట నడిచే దారి ఒకటి ఉందట. మా వంటి వయసువారు ముక్కలుగా నడవవచ్చునా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీరు విన్నది థేమ్స్ పాత్ గురించి. కాట్స్‌వోల్డ్ కొండలలో, కెంబుల్ గ్రామం దగ్గరి నది పుట్టుక నుండి లండన్‌లోని వూలిచ్ వరకు సుమారు 298 కిలోమీటర్ల ఈ కాలిదారిని 1996లో అధికారికంగా ప్రారంభించారు. చాలా భాగం పూర్వం పడవలను లాగిన గట్టే కనుక ఎక్కుడు దిగుడు తక్కువ. మన గట్లకు అలవాటు పడిన కాళ్లకు అది కొత్త కాదు. ఓక్ చెట్టు కాయ బొమ్మ ఉన్న గుర్తులు దారి పొడవునా ఉంటాయి. ఆ దేశంలో ప్రజలు నడిచే దారి ప్రైవేటు పొలం గుండా పోయినా దాని మీద నడిచే హక్కును చట్టమే కాపాడుతుంది. దాటిన గేటును వెనుక మూసి వెళ్లడం మాత్రం నడిచేవారి బాధ్యత.

మొత్తం నడవాలని పెట్టుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్‌కు ఎగువన రైళ్లు బాగా తక్కువ కనుక అటువైపు బస సౌకర్యం కావలసి వస్తుంది. లండన్‌కు దగ్గరలో రిచ్‌మండ్ నుండి టెడ్డింగ్‌టన్ లాకు మీదుగా కింగ్‌స్టన్ వరకు ఒక రోజు, కింగ్‌స్టన్ నుండి హాంప్టన్ కోర్టు రాజభవనం వరకు, సుమారు 5 కిలోమీటర్లు, మరో రోజు నడవండి. సముద్రపు పోటు టెడ్డింగ్‌టన్ వరకు వస్తుంది. దిగువన పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని చోట్ల దారి మునుగుతుంది కనుక ఆ వేళలు చూసుకోవాలి. జూనులో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, తొందర పడనవసరం లేదు. వాన అంగీ మాత్రం ఎండ కాస్తున్నా సంచిలో ఉండాలి. లండన్ దాటి దూరపు అంచెలకు వెళ్లే రోజున మీ అమ్మాయి రానుపోను టికెట్టు కొనబోతే, ఎక్కే స్టేషను ఒకటి, తిరిగి వచ్చే స్టేషను మరొకటి అని ముందే చెప్పండి.