పదేళ్ల బండి: ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

ప్రశ్న: నా దగ్గర 150 సీసీ, ఒకే సిలిండర్ మోటార్‌సైకిల్ ఉంది. కొన్ననాటి నుంచి పదేళ్లకు పైగా నేనే నడుపుతున్నాను. 90 వేల కిలోమీటర్లు దాటింది. ఇంజన్ ఆయిల్ మార్చడంలో ఎన్నడూ అశ్రద్ధ చేయలేదు. అయితే ఈమధ్య వెనుక మనిషితో దూరప్రయాణం చేస్తే పికప్ చాలడం లేదు, గతుకుల మీద బండి కుదురుగా ఉండటం లేదు, వేగం పెరిగితే చేతులకు తిమ్మిరి వస్తోంది. మిత్రులు 350, 400 సీసీ బళ్లు చూడమంటున్నారు. ఈ బండి అంటే నాకు మమకారం. అలాగని ఆ మమకారం కొద్దీ పొరపాటు నిర్ణయం తీసుకోవడం ఇష్టం లేదు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన ఇబ్బందుల్లో వయసు మీద పడి బండి పోగొట్టుకున్నవి కొన్ని, ఆ బండికి మొదటి నుంచీ లేనివి కొన్ని ఉన్నాయి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే, షాక్ అబ్జార్బర్లు మార్చితే సరిపోయేచోట పెద్ద ఇంజన్ కొనవలసి వస్తుంది. అందువల్ల ముందు పాత బండిని దాని అసలు స్థితికి తీసుకురండి, కొన్ని నెలలు అలాగే నడపండి, అప్పటికీ తీరని కొరత ఏదైనా మిగిలితే దాన్ని బట్టి కొత్త బండిని ఎంచుకోండి.

గతుకుల సంగతి దాదాపుగా వయసుదే. వెనుక షాక్ అబ్జార్బర్‌లోని నూనె చెడి, సీళ్లు అరిగి, స్ప్రింగు ఊపును అదుపు చేసే బలం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది కనుక, రోజూ నడిపే మనిషికి ఆ మార్పు తెలియనే తెలియదు. వెనుక మనిషి, సామాను చేరినప్పుడే అది బయటపడుతుంది. ఇంజన్ ఆయిల్‌ను వేళకు మార్చేవారు కూడా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులోని నూనెను మరచిపోతుంటారు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా రెండు పక్కలకూ తిప్పి చూడండి. సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు తగిలితే హ్యాండిల్ బేరింగులు, అంటే మెకానిక్‌లు కోన్ సెట్ అనేవి, మార్చవలసిందే. బండిని స్టాండు మీద నిలిపి వెనుక చక్రాన్ని పక్కలకు కదిపినప్పుడు వదులు కనిపిస్తే చక్రం బేరింగులో, ఆ చక్రాన్ని ఛాసీకి కలిపే స్వింగ్ ఆర్మ్ బుష్షులో అరిగాయన్నమాట.

టైరులో గాడులు మిగిలి ఉన్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. టైరు పక్క భాగంలో నాలుగు అంకెల సంఖ్య అచ్చయి ఉంటుంది; మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడిన టైరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. డిస్క్ బ్రేకు ఉంటే అందులోని బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరిగి, ఎక్కువసేపు బ్రేకు వాడినప్పుడు లివరు మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి దాన్ని మార్చడం మంచి అలవాటు.

పికప్ విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. పై గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని అర్థం. అది కాకపోతే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) ఖాళీ సరిచేయించి, ఆ తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు ఏర్పడే పీడనం, కొలిపించండి. కొలత తక్కువగా వస్తే ప్లగ్ రంధ్రం గుండా కాస్త ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఈసారి పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లోనో సిలిండర్‌లోనో ఉంది, పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. తిమ్మిరికి కూడా ముందుగా ఇంజన్‌ను ఛాసీకి పట్టి ఉంచే బోల్టుల బిగువు చూడాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా చాలడం లేదంటే, అది ఏ మెకానిక్కూ తీర్చలేని కొరత. గాలి అడ్డును తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం యొక్క ఘనంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 100 దగ్గర దాదాపు రెట్టింపు శక్తి కావాలి. 60లో హాయిగా సాగిన చిన్న ఇంజన్ 100 దగ్గర తన బలంలో చాలావరకు గాలికే ఖర్చు చేస్తుంది కనుక, ముందున్న లారీని దాటడానికి దాని వద్ద మిగిలేది కొద్దిపాటి శక్తే. అలాంటి ప్రయాణాలు మీకు ఏడాదికి ఒకటి రెండే అయితే బాగుచేసిన పాత బండి చాలునని నా అభిప్రాయం. నెలనెలా ఉంటే మార్చుకోండి.

మీ బండికి ఏబీఎస్, అంటే చక్రాలను బిగుసుకుపోనివ్వని బ్రేకు ఏర్పాటు, లేకపోతే మార్చుకోవడానికి అది ఇంకా బలమైన కారణం. మోటార్‌సైకిళ్లలో ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1988లో బీఎండబ్ల్యూ తన కే100 బండితో తెచ్చింది. ఇప్పుడు మధ్యతరహా బళ్లలోనూ అది మామూలైంది. పాత బండికి దాన్ని తరువాత అమర్చుకోవడం ఆచరణలో కుదరని పని. తడి రోడ్డు మీద హఠాత్తుగా బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. నాకు హార్స్‌పవర్ కన్నా ఇదే ముఖ్యం.

ప్రశ్న: పెద్ద బండికి మారదలచినవారు సీసీని చూసి ఎంచుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 శక్తి సుమారు 20 హార్స్‌పవర్, ట్రయంఫ్ స్పీడ్ 400 శక్తి సుమారు 40. సీసీలో తేడా స్వల్పం, శక్తిలో రెట్టింపు. పైగా మొదటిదే ఎక్కువ బరువైనది. మొదటిది తక్కువ ఆర్పీఎంలో, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా, నింపాదిగా నడిపేవారికి, రెండవది వేగంగా దాటవలసినవారికి నప్పుతుంది. 140 కిలోల బండికి అలవాటుపడినవారు 190 కిలోలకు పైబడిన బండిని కొనేముందు దాన్ని ఇంజన్ ఆపి వెనక్కి నెట్టి, ఇరుకులో మలుపు తిప్పి, ఎప్పుడూ వెనుక కూర్చునే మనిషినే ఎక్కించుకుని నడిపి చూడాలి. ఒక్కరే ఖాళీ రోడ్డుపై చేసే టెస్ట్ రైడ్‌లో ఇవేవీ తెలియవు. వేగంతో పాటు ఆగే దూరం కూడా పెరుగుతుందని మరవకండి: 60 నుంచి 90కి చేరితే బ్రేకు పట్టిన తరువాత బండి సాగే దూరం 2.25 రెట్లు అవుతుంది.

ప్రశ్న: కొత్తది కొన్నా పాతది అమ్మబుద్ధి కావడం లేదు. రెండూ ఉంచుకోవచ్చా?

జవాబు: రెండూ నడిపేటట్టయితే తప్పక ఉంచుకోండి. కదలకుండా నిలిచిన బండి తిరిగే బండికన్నా త్వరగా పాడవుతుంది: కార్బొరేటర్‌లో పెట్రోలు ఆవిరై సన్నని జెట్లలో జిగురు పేరుకుంటుంది, బ్యాటరీ చార్జి దిగి పనికిరాకుండా పోతుంది, ఒకేచోట ఒత్తిడి పడి టైరు ఆకారం చెడుతుంది. దగ్గరి పనులకు పాత బండినే వాడండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కేంత దూరం వారానికి ఒక్కసారైనా నడపండి. అంత వీలు లేకపోతే, నడిచే స్థితిలో ఉండగానే, అవసరం ఉన్నవారికి ఇవ్వడం మేలు. మరమ్మతుకు పెట్టిన సొమ్ము అమ్మకంలో పూర్తిగా తిరిగి రాదు కానీ, ఏ భాగం ఎప్పుడు మార్చారో రాసి ఉన్న పుస్తకాన్ని బండితో పాటు అందజేయండి. కొనేవారికి దానివల్ల ఎంతో మేలు జరుగుతుంది.