గ్రామసభలో మూడు నిమిషాలు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. పొదుపు సంఘానికి లీడర్‌ని. మా ఊళ్ళో బడికి వెళ్ళే దారిలో బెల్టు షాపు నడుస్తోంది. దాన్ని తీయించాలని గ్రామసభలో మాట్లాడమంటున్నారు. సంఘం మీటింగులో గలగలా మాట్లాడతాను గానీ, మగవాళ్ళందరి ముందు మైకు పట్టుకోవాలంటే గొంతు ఎండిపోతోంది. వాళ్ళు ఒప్పుకునేలా ఎలా మాట్లాడాలి?

జవాబు: అమ్మా, మీరు మాట్లాడి కూర్చున్నాక సభ ఏం చెయ్యాలో ముందు తేల్చుకోండి. తాగుడు మంచిది కాదని ఒప్పించే పని మీకు లేదు, అది తాగేవాళ్ళకీ తెలుసు. బెల్టు షాపుకు లైసెన్సు ఉండదు, కాబట్టి మీరు కొత్త రూలేమీ అడగడం లేదు. ఆ షాపు తీయించమని ఇవాళే తీర్మానం రాయండి, నకలు ఎక్సైజు వాళ్ళకు పంపండి, అంతే అడగండి. అడిగేది ఎంత చిన్నదైతే ‘సరే’ అనడం అంత సులువు.

ఎదురుగా కూర్చునేది మీ బావగారు, మరుదులు, పక్కింటి అన్న. వాళ్ళలో తాగేవాళ్ళూ ఉంటారు. అందుకని ‘తాగుబోతులు’ అన్న మాట నోట రానివ్వకండి, ఎందుకంటే నలుగురిలో అవమానపడ్డ మనిషి షాపు పోతే బాగుండునని లోపల అనుకుంటున్నా సరే బయటికి మాత్రం మీకు ఎదురే తిరుగుతాడు. పిల్లల గురించి మాట్లాడండి, అక్కడ అందరూ ఒకే వైపు.

తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయల్దేరేటప్పుడు ద్రౌపది ఏం చేసిందో గుర్తుందా? ఎంతో చెప్పింది, కానీ మనకు గుర్తుండిపోయింది ఆమె తన జుట్టు చేత్తో పట్టుకుని చూపించి, సంధి మాటలప్పుడు దీన్ని మరిచిపోవద్దని అడగడమే. మీకూ అలాంటిది ఒక్కటి కావాలి. షాపు ముందు నడవలేక పొలం గట్ల మీద చుట్టూ తిరిగి బడికి వెళ్ళే ఆడపిల్ల ఎవరైనా ఉందా? ఉంటే ఇంట్లోవాళ్ళను అడిగి, పేరు చెప్పకుండా ఆ సంగతి చెప్పండి. జరగనిది మాత్రం కల్పించొద్దు, ఊళ్ళో అది ఒక్క పూట కూడా నిలవదు.

తర్వాత ఒకే లెక్క. ఒక మనిషి తాగుడుకు రోజుకు 150 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 54,750. సంఘంలో తీసుకున్న అప్పుకు కట్టే వాయిదాల పక్కన ఆ అంకె పెట్టి చూపించండి.

‘ఇక్కడ తీసేస్తే పక్కూరు పోయి తాగుతారు’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళు అనకముందే మీరే అనండి. నిజమే, కొందరు వెళ్తారు, కానీ బడి దారి మాత్రం ఖాళీ అవుతుంది. అవతలివాళ్ళ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకున్నవాళ్ళను జనం నమ్ముతారు, ఇది నేను చాలా సభల్లో చూశాను.

భయం గురించి. మీ పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళు ఉపన్యాసాలు నేర్చుకున్నవాళ్ళు కాదు, సాయంత్రాలు అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్నవాళ్ళు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మీరూ మీ యాసలోనే, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. ముందు రోజు సంఘంలో ఒకరిని గట్టిగా అడ్డం తగలమని చెప్పి రెండు మూడుసార్లు ప్రాక్టీసు చెయ్యండి. సభలో మీవాళ్ళంతా ఒక మూల కూర్చోకుండా అక్కడక్కడా కూర్చోవాలి. తీర్మానం అడిగాక ఇంకేం మాట్లాడకండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి, సర్పంచ్ నోరు విప్పేదాకా ఆగండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిబేట్‌కి మొత్తం బట్టీ పడతాను, మధ్యలో ఒక్క మాట మర్చిపోతే అంతా పోతోంది. ఏం చెయ్యను?

జవాబు: మాటల్ని కాదు, వరసను గుర్తుపెట్టుకో తమ్ముడూ. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో, అమెరికా నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ప్రసంగం చదువుతుంటే, అందరూ సమానంగా బతికే రోజు గురించి ఆయన కన్న కల చెప్పమని గాయని మహాలియా జాక్సన్ వెనక నుంచి కేకేశారు. ఆయన కాగితం వదిలేసి చెప్పారు. అప్పటికప్పుడు పుట్టింది కాదది, జూన్‌లో డెట్రాయిట్‌లోనూ ఆ కల గురించే చెప్పారు. నువ్వూ ఒకే విషయాన్ని రోజుకో ఫ్రెండ్‌కి, ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పి చూడు. చీటీ మీద నాలుగు మాటలు చాలు, మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం బట్టీ పట్టు.