ఏడో కథలో తగ్గిన ఇరవై డాలర్లు

చిరంజీవికి,

నువ్వు పంపిన పదకొండు కథలనూ మూడు రోజులు కూర్చుని చదివాను. కథల సంగతికి వచ్చే ముందు, వాటితో పాటు పంపిన నీ ఉత్తరంలోని ఒక వాక్యం గురించి చెప్పాలి. అది చదివాక ఆ పూట నాకు కాఫీ సయించలేదు. “అమెరికాలో మనలాంటి ఆసియావాళ్ల జీవితాల మీద పెద్దవాళ్లు చదవదగ్గ పుస్తకాలు లేవు, అందుకే రాయడం మొదలుపెట్టాను” అన్నావు.

లేవని నీకెవరు చెప్పారు నాయనా? జాన్ ఒకాడా ‘నో-నో బాయ్’ అనే నవలను 1957లోనే ప్రచురించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సంతతివాళ్లను లక్షకు పైగా మందిని ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టిన ప్రభుత్వమే, వాళ్ల దగ్గరికి వచ్చి సైన్యంలో చేరతావా, ఈ దేశానికి విధేయుడిగా ఉంటావా అని రెండు ప్రశ్నలు అడిగింది. కాదని చెప్పి జైలుకు వెళ్లిన ఒక కుర్రవాడు సియాటిల్‌లో తల్లిదండ్రులు నడిపే చిన్న కిరాణా దుకాణానికి తిరిగివచ్చి ఏం చూశాడన్నది ఆ నవల. అచ్చువేసినవి పదిహేను వందల ప్రతులు. 1971లో రచయిత చనిపోయేనాటికి అవి కూడా చెల్లిపోలేదు. ఆయన రాస్తూ ఉన్న రెండో నవల కాగితాలను, తీసుకునే దిక్కు లేక, భార్య తగలబెట్టేసింది. ఆ తరవాత నలుగురు కుర్ర రచయితలు పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి పట్టుకుని 1976లో మళ్లీ అచ్చువేస్తే గానీ ఆ పుస్తకం బతకలేదు. అటువంటి పుస్తకాలు లేవని చెప్పడం వేరు, ఉన్నవాటిని ఎవరూ కొనలేదని చెప్పడం వేరు. రాసేవాడు ఈ రెంటికీ తేడా తెలుసుకోకుండా మొదలుపెడితే, ముందు తరంవాళ్లు పడిన అవస్థంతా మొదటినుంచీ మళ్లీ పడతాడు.

కార్లోస్ బులోసాన్ ఫిలిప్పీన్స్ నుంచి 1930లో వచ్చి, పండ్లతోటల్లోనూ చేపలను డబ్బాలకెత్తే కర్మాగారాల్లోనూ బతికిన కూలీల గురించి 1946లో పుస్తకం రాశాడు. లూయీ చూ 1961లో రాసిన నవలలో న్యూయార్క్ చైనాటౌన్ హోటల్లో ప్లేట్లు అందించే కుర్రవాడు కథానాయకుడైతే, వాడి తండ్రి ఒక నేలమాళిగలో మాజాంగ్ ఆటశాల నడుపుతూ ఉంటాడు. ఝుంపా లాహిరి మొదటి కథల పుస్తకంలో చివరి కథ చదివావా? అందులో మనిషి బోస్టన్ పక్కన ఒక యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ, పాలూ కార్న్‌ఫ్లేక్సూ తిని రోజులు నెడతాడు. మిన్ జిన్ లీ ‘పచింకో’ నవల జపానులోని కొరియావాళ్ల కథ. అందులో తల్లి రైల్వేస్టేషన్ దగ్గర బండి మీద ఊరగాయ అమ్ముతుంది, కొడుకు జూదపు యంత్రాల దుకాణం పెడతాడు. ఈ పుస్తకాలన్నీ నేను ఒకే కారణానికి దాచుకున్నాను. వీటిల్లో ప్రతి మనిషికీ రోజు గడిచేది ఏం చేస్తేనో పాఠకుడికి తెలుస్తుంది. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో తెలుస్తుంది, ఎవరు ఎగ్గొట్టారో కూడా తెలుస్తుంది.

ఇక నీ కథలు. పదకొండింటిలో తొమ్మిది కథల్లో మనుషులకు ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగం’ ఉంది. ఆ ఉద్యోగంలో వాళ్లు పొద్దుట తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా ఏం చేస్తారో తొమ్మిదింట్లో ఒక్కదానిలోనూ లేదు. కారు దిగి లోపలికి వెళతారు, తరవాతి వాక్యంలో కారెక్కి ఇంటికి వచ్చేస్తారు, కిటికీ దగ్గర నిలబడి మంచు చూస్తారు, అమ్మ గుర్తుకొస్తుంది. నువ్వుండే డల్లాసులో ఏడాదికి ఎన్ని రోజులు మంచు పడుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

నాలుగో కథలో నీ హీరోకు ఉద్యోగం ఊడుతుంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, కొత్త కంపెనీ దొరికి వాళ్లు తనకోసం అర్జీ పెట్టడానికి అరవై రోజుల గడువుంటుంది. నువ్వూ అదే వీసా మీద ఉన్నానని రాశావు కాబట్టి ఆ అరవై అంకె నీకు కంఠతా వచ్చే ఉంటుంది. కథలో మాత్రం ఉద్యోగం పోయిన సాయంత్రం అతను పార్కులో బెంచీ మీద కూర్చుని గోదావరి గట్టును తలచుకున్నాడు. నేను నమ్మలేదు. ఆ సాయంత్రం ఆ మనిషి ఫోన్ తీసి, కేలండర్ తెరిచి, అరవయ్యో రోజు ఏ వారం పడుతుందో, అప్పటికి పిల్ల బడికి సెలవులిస్తారో లేదో, అపార్టుమెంటు లీజు ఎన్నాళ్లుందో లెక్కపెడతాడు. మూడో వారంలో భార్య బియ్యం సంచి పెద్దది కొనాలా చిన్నది కొనాలా అని దుకాణంలో ఆగుతుంది. గోదావరి గుర్తుకు రాదని నేననను. యాభయ్యో రోజున, టికెట్ల ధర చూస్తున్నప్పుడు వస్తుంది, అదీ తిట్టుకుంటూ వస్తుంది.

కాగితాల గురించి రాస్తే కథ పొడిగా ఉంటుందని నీకు ఎవరో చెప్పి ఉంటారు. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చాక, 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో పుట్టుకల దస్తావేజులు కాలిపోయాయి. దాంతో ఆ ఊళ్లోనే పుట్టామని చెప్పుకుని పౌరులైనవాళ్లు చైనాలో తమకు కొడుకులున్నారని రాయించేవారు, ఆ కొడుకుల పేర్లను వేరేవాళ్లు కొనుక్కుని ఓడ ఎక్కేవారు. వాళ్లను కాగితపు కొడుకులనేవారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలండ్ అనే దీవిలో దించి రోజుల తరబడి ప్రశ్నలు వేసేవారు: మీ ఇంటి గుమ్మానికి మెట్లెన్ని, బియ్యపు తొట్టి ఏ మూల ఉంటుంది, పక్కింటివాళ్ల పిల్లలెందరు. జవాబులు రాసిన పుస్తకాన్ని కంఠస్థం చేసి, దిగేముందు సముద్రంలో పారేసేవారు. తన తల్లి బియ్యపు తొట్టి ఎక్కడుండేదో మరిచిపోయి, ఎవరి తల్లిదో చెప్పాల్సిన ఆ కుర్రవాడి కంటే బెంగ పడినవాణ్ని నువ్వు చూపించగలవా? ఆ నిర్బంధశాల గోడల చెక్కల మీద వాళ్లు చైనీసులో చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. వీసా ఆఫీసరు ముందు నిలబడిన మనవాళ్ల అబద్ధాలకూ నిజాలకూ ఇవి మేనత్త పిల్లల వరస. నీ కథల్లో వీసా అన్న మాట రెండుసార్లే వచ్చింది.

నేను ఈ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానో చెబుతాను. 1979లో న్యూజెర్సీ వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఒక బ్యాంకులో, సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాటేదాకా చెక్కులు కొట్టడం. కొట్టడమంటే, ఆ రోజు శాఖలన్నిటి నుంచీ సంచుల్లో వచ్చిన చెక్కులను ఒక్కొక్కటిగా యంత్రంలో పడేసి, దానిమీద ఉన్న మొత్తాన్ని మీటల మీద కొడితే, చెక్కు అడుగున కుడిపక్క అయస్కాంతపు సిరాతో ఆ అంకె అచ్చుపడుతుంది. ఎడమచేత్తో చెక్కు, కుడిచేత్తో అంకెలు, చూపు మాత్రం చెక్కు మీదే. ఒక్కో కట్టకూ డిపాజిట్ స్లిప్పు మీది మొత్తానికీ మేం కొట్టిన మొత్తానికీ తేడా సున్నా రావాలి. లెక్క తేలకపోతే ఇంటికి వెళ్లడానికి లేదు. నా పక్క యంత్రం మీద కూర్చునే ఫిలిప్పీన్స్ ఆవిడ మొదటి వారంలోనే నాకొక చిట్కా నేర్పింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే, ఎక్కడో రెండంకెలు తారుమారు కొట్టావన్నమాట. ఒక రాత్రి నాకు 54 డాలర్లు తేడా వచ్చింది. నాలుగు వందల చెక్కులు మళ్లీ తిరగేశాను. 71 డాలర్ల చెక్కును 17 అని కొట్టాను. అది ఒక పనిమనిషికి ఎవరో రాసిన చెక్కు, కింద వివరం రాసే గీత మీద ‘రెండు వారాలు’ అని ఉంది. ఆమె రెండు వారాల చాకిరీలో 54 డాలర్లు నా చేతి దురుసుకు పోబోయాయి.

దాన్ని కథగా రాశాను. రాసింది కూడా కూడిక యంత్రపు కాగితపు చుట్టల వెనకే, చంటిపిల్ల నిద్రలేచేలోపు. తిరగరాసి 1983లో ఒక వారపత్రికకు పంపితే మూడు నెలల తరవాత జవాబు వచ్చింది. కథనం బాగుంది గానీ అమెరికా వాసన లేదు, చెక్కుల గొడవ పాఠకులకు ఎక్కదు, కాస్త మంచు పెట్టి, సంక్రాంతి జ్ఞాపకం ఏదైనా చేర్చి పంపండి అని. పంపానమ్మా అని గర్వంగా చెప్పుకోలేను గానీ పంపాను. చెక్కుల పేజీలు తీసేశాను. మంచు కురిపించాను, ముగ్గు పెట్టించాను. వాళ్లు దానికి వేసిన బొమ్మలో ఒకావిడ పట్టుచీరె కట్టుకుని మంచులో నిలబడి ఉంది. నా మొదటి అచ్చయిన కథ అదే. మా ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు, మా నాన్న పదిమందికి చూపించారు. నేను మాత్రం ఆ పత్రికను ఇప్పటికీ బోర్లించే పెడతాను. అసలు ప్రతి ఆ తరవాత ఇల్లు మారడంలో పోయింది. ఆ పనిమనిషిని నేను రెండోసారి మోసం చేశానని నాకు చాలాకాలం అనిపించేది.

ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు గానీ ఆ జబ్బు పోలేదు. ఇక్కడ సంఘాలవాళ్లు రెండేళ్లకోసారి వేసే సావనీర్లు చూడు. ఇళ్లమ్మేవాళ్ల ప్రకటనకూ ఇమ్మిగ్రేషన్ లాయరు ప్రకటనకూ మధ్య ఇరికించిన కథలో ఇల్లు కొన్నవాడూ ఉండడు, లాయరుకు ఫీజు కట్టినవాడూ ఉండడు, ఊళ్లో వేపచెట్టు ఉంటుంది. ఇంగ్లీషులో అచ్చేసేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? అట్టమీద గోరింటాకు చేయి, లోపల మన తిండి పేర్లన్నీ వాలు అక్షరాల్లో, చివర అర్థాల పట్టిక. ఇంట్లో పెరుగన్నం తింటున్న పిల్ల తనలో తాను పెరుగంటే ఏమిటో వివరించుకుంటుందా?

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని అడిగావు. నీ తెలుగు బాగుంది, తెలుగులోనే రాయి. కానీ ఇంగ్లీషులో రాసినవాళ్లను చదవకుండా రాయకు. మన కోస్తా జీవితాన్ని అమెరికా పాఠకుల దాకా తీసుకువెళ్లిన రెండు పుస్తకాలు చూడు. సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరుగా పనిచేస్తూ, తన మేనమామ, విప్లవకవి శివసాగర్ జీవితాన్నీ తల్లి జీవితాన్నీ ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’గా 2017లో తెచ్చింది. వౌహిని వారా 2022లో రాసిన ‘ది ఇమ్మోర్టల్ కింగ్ రావు’ నవల కొబ్బరితోటల మధ్య ఒక దళిత కుటుంబంలో మొదలై అమెరికా కంప్యూటర్ కంపెనీ దాకా వెళుతుంది, మరుసటి ఏడాది పులిట్జర్ తుదిజాబితాలో నిలిచింది. ఆ కొబ్బరి ఎవరు దించారు, ఎవరు ఒలిచారు, తోట ఎవరి పేరున ఉంది అన్నవి లేకపోతే ఆ నవల లేదు. నీ పదకొండు కథల్లో మాత్రం ఎవరింటి పేరూ తెలియదు, ఎవరి పొలం అమ్మితే విమానం టికెట్ వచ్చిందో తెలియదు, ఆ పొలంలో ఎవరు నాటు వేశారో అసలే తెలియదు. అమెరికా తెలుగు కథ నలభై ఏళ్లుగా చాలావరకు ఇంతే. అందులో నా వాటా కూడా ఉంది.

ఇప్పుడు ఏడో కథ. మిగతా పది కథలూ నేను మరిచిపోతాను గానీ ఆ కథలో పన్నెండో పేజీని మరిచిపోలేను. చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు, కాలేజీ బయట పని చేయకూడదని తెలిసీ, రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడతాడు. తెల్లవారుజామున షిఫ్టు దిగేముందు గీకి చూసుకునే లాటరీ టికెట్ల, అంటే స్క్రాచ్ టికెట్ల పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి, ఎన్నో నంబరు టికెట్ దగ్గర ఆగిందో పుస్తకంలో రాసి, రాత్రి మొదట్లో ఉన్న నంబరును తీసివేసి, ధరతో హెచ్చవేస్తాడు. ఇరవై డాలర్లు తగ్గుతాయి. మళ్లీ లెక్కిస్తాడు, మళ్లీ తగ్గుతాయి. బయట ఒక పోలీసు కారు పెట్రోలు కోసం ఆగితే, వాడు ఇరవై డాలర్లు మరిచిపోయి, పెన్ను మూత పెట్టి, తనూ ఏదో కొనడానికి వచ్చినవాడిలా కౌంటర్ ఇవతలికి వచ్చి నిలబడతాడు. అది చదువుతుంటే నా కుడిచేతి వేళ్లు వాటంతటవే కదిలాయి. ఇరవైని తొమ్మిదితో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి అంకెలు తారుమారు కాలేదు, డబ్బు నిజంగానే పోయింది అని లెక్క కూడా వేసుకున్నాను.

ఆ తరవాత నువ్వేం చేశావు? పేజీ తిప్పగానే తెల్లారింది, వాడు అమ్మకు ఫోన్ చేశాడు, “బాగా తింటున్నావా?” అని ఆవిడ అడిగింది, కథ అయిపోయింది. ఆ అమ్మ గొంతు నీ మిగతా కథల్లోంచి అరువు తెచ్చింది. యజమాని పొద్దున్న వచ్చి పుస్తకం చూసి ఏమన్నాడు? అతను కూడా మనవాడేనా? జీతంలో కోశాడా, చేతికిచ్చే నోట్లలో ఒకటి తక్కువ పెట్టాడా, లేక పోనీలే అని వదిలేసి తరవాత నెలంతా ఓవర్‌టైమ్ ఊరికే చేయించుకున్నాడా? పోలీసు లోపలికి వచ్చాడా, వస్తే టికెట్ కొన్నాడా?

ఆ కథ ఒక్కటే తిరగరాసి నాకు పంపు. పన్నెండో పేజీ ముట్టుకోకు. చివర ఫోన్ తీసెయ్యి. తగ్గిన ఇరవై డాలర్లు ఎవరి జేబులోంచి ఎట్లా వసూలయ్యాయో రాయి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య వయసు మనిషి