గుమ్మడికాయ కోసే ముందు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఈసారి పిల్లలతో కలిసి హాలోవీన్‌కి గుమ్మడికాయలు చెక్కుతారట" అంది. కొత్తింటి గుమ్మంలో మీ పిల్లలు చెక్కిన కాయలో దీపం వెలుగుతుందని తలుచుకుంటే కడుపు నిండింది. రాత్రి మాత్రం ఒక పాత సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఈ విషయం ఫోన్‌లో చెప్పబోతే నాకు గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. అడుగు చదునుగా, తొడిమ గట్టిగా ఉన్న కాయ తీసుకో. మూతని ఏటవాలుగా కొయ్యాలి, నిలువుగా కోస్తే లోపలికి జారిపోతుంది. పీచూ గింజలూ గరిటెతో గీకేసి, మొహం చెక్కే వైపు అంగుళం మందం ఉంచండి. డాలస్‌లో అక్టోబర్ ఆఖరుకి కూడా ఎండ తగ్గదు. కోసిన కాయ రెండు మూడు రోజులకే బూజు పట్టి కుంగిపోతుంది. హాలోవీన్ 31న కదా, అందుకని 29న ఖాళీ చేసి, 30న చెక్కండి. ఆ కాయ దప్పళానికి బాగుండదు, పీచుగా, నీళ్ళగా ఉంటుంది. దానికి వంటకి వాడే చిన్నరకం గుమ్మడికాయ, 'పై పంప్‌కిన్' (pie pumpkin) అంటారు, అది వేరే తెచ్చుకో. గింజలు పారెయ్యకు. కడిగి ఆరబెట్టి, ఉప్పూకారం పట్టించి ఓవెన్‌లో వేయిస్తే పిల్లలు వదలరు.

ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ కొయ్యకూడదని మీ అత్తగారు అన్నారట. ఆవిడతో వాదించకు, మొదటి గాటు అల్లుడి చేత పెట్టించు. కొత్తిల్లు కడితే రాక్షసుడి మొహం గీసిన బూడిద గుమ్మడికాయ దిష్టికి కట్టుకునేవాళ్ళమే కదా మనం! ఐర్లాండ్ వాళ్ళూ దుష్టశక్తులు రాకుండా టర్నిప్ దుంపల్లో మొహాలు చెక్కేవాళ్ళట. అమెరికాకి వలస వచ్చాక గుమ్మడికాయలు అందుకున్నారు. ఆ మాట చెప్పి చూడు, ఆవిడే ముగ్గు చుక్కలతో మొహం గీసిపెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. 1997లో, న్యూజెర్సీలో ఉన్నప్పుడు. మా వాడికి, అదే మీ అన్నయ్యకి, తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా అడుగుతున్నాడు, "అందరి ఇళ్ళ ముందూ ఉన్నాయమ్మా, మనింటి ముందే లేదు" అని. మనకెందుకురా అని నేను కసురుతూనే ఉన్నాను. ఆ ఏడాది 31వ తేదీ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, మనసు ఆగక, షాపులో మిగిలిన ఆఖరి కాయ తెచ్చాను. అప్పటికే ఐదున్నర. వేషాలు వేసుకుని, మిఠాయిల కోసం పిల్లలు వీధిలో ఇల్లిల్లూ తిరగడం మొదలైంది. వంటింటి నేల మీద పేపర్లు పరిచి, నేను కూరలు తరిగే పెద్ద కత్తితోనే మొదలుపెట్టాం. కళ్ళు రెండూ నేనే కోశాను. ఇంతలో ఇండియా నుంచి ఫోన్. "ఒక్క నిమిషం, ముట్టుకోకు" అని లేచాను.

వాడు ముట్టుకున్నాడు. పెచ్చు గట్టిగా ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది. బలంగా నొక్కితే కత్తి సగం దిగి బిగుసుకుపోతుంది. వాడు ఎడమ చేత్తో కాయని అదిమి పట్టుకుని, కుడి చేత్తో కత్తి లాగాడు. పీచు తగిలి కాయంతా తడిగా ఉంది. కత్తి ఒక్కసారిగా ఊడివచ్చి ఎడమ చూపుడువేలి మొదట్లో దిగింది. వాడు ఏడవలేదమ్మా. "సారీ అమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఇవాళ్టికీ వినిపిస్తుంది.

వేలిని వంచే టెండన్, అంటే లోపల తాడులా ఉండే పోగు, తెగిందన్నారు. ఆపరేషన్, చేతికి కట్టు, నెలల తరబడి వేలు వంచే వ్యాయామాలు. ఆ వేలి చివర ఇప్పటికీ పూర్తిగా వంగదు. అప్పటికి మూడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లో ఆ పనికి వంటింటి కత్తి తియ్యొద్దు. షాపులో గుమ్మడికాయల పక్కనే సన్నటి రంపం దొరుకుతుంది, దాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తే చాలు, బలం అక్కర్లేదు. పెద్దోడు స్కెచ్ పెన్నుతో మొహం గియ్యనీ, చిన్నది గింజలు తియ్యనీ. కోత మీరిద్దరే కొయ్యండి. కాయ తడి తుడుస్తూ ఉండండి. చెయ్యి రంపం వెళ్ళే దారిలో పెట్టొద్దు. లేవాల్సివస్తే రంపం చేత్తో పట్టుకునే లే. ఫోన్ వేరే గదిలో పడెయ్. నీకు ఆ ఫోన్ పిచ్చి ఎక్కువ, కోప్పడుతున్నాననుకోకు. లోపల కొవ్వొత్తి కూడా వద్దు, బ్యాటరీ దీపం పెట్టు. పిల్లల వేషాలకి నిప్పంటుకుంటే నేను తట్టుకోలేను.

ఇంకొకటి ఉంది, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మా ఇంటికి గుమ్మడికాయ రానివ్వలేదు నేను. నా కూతురికి, అదే మీ చెల్లికి, అప్పుడు నాలుగేళ్ళు. పెద్దయ్యేదాకా ఏటా పక్కింటి మెట్ల మీద కూర్చుని వాళ్ళ కాయలు చూసేది. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. మీ అమ్మ ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్లే.

రెండు రంపాలు కొని పోస్టులో పంపాను, రేపో ఎల్లుండో అందుతాయి. 30న మొదలుపెట్టే ముందు వీడియో కాల్ చేసి, ఫోన్ అత్తగారి చేతికివ్వు. మీ చెల్లిని కూడా ఆ సాయంత్రం ఇంటికి రమ్మన్నాను, ఒక కాయ తెచ్చిపెట్టాను.

నీ
పెద్దమ్మ