‘జిజియా పన్ను’ తప్పా?

సందేహం: అక్బరు రద్దు చేశాడు, ఔరంగజేబు తిరిగి విధించాడు అంటూ పాఠ్యపుస్తకాల్లో ‘జిజియా పన్ను’ అని రాస్తున్నారు. జిజియా అంటేనే ముస్లిమేతరుల మీద వేసిన తలపన్ను కదా! పునరుక్తి దోషం కాదా? – ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: దోషమని పట్టుబడితే పావురొట్టెనూ వదులుకోవాలి. పోర్చుగీసులో ‘పావ్’ అన్నా రొట్టే. కొత్తగా వచ్చిన మాటకు ఇంటి మాటను తోడివ్వడం మనవాళ్ల పాత అలవాటు. చరిత్ర తెలిసినవారికి ‘జిజియా’ చాలు, బడిపిల్లలకు ‘పన్ను’ కావాలి. ఇంతకు మించి తీర్పు చెప్పను. ‘జిజ్యా’ అన్నా ఒప్పే.

‘బదులు చెల్లించు’ అనే అరబ్బీ ధాతువు నుంచి జిజియా పుట్టిందని కొందరు, సిరియాక్ నుంచో పారసీకం నుంచో వచ్చిన అరువుమాట అని మరికొందరు. ఆ పేచీ అలా ఉంచి దాని జంటమాట చూడండి. ఈ పన్ను కట్టే ముస్లిమేతరుణ్ణి ‘జిమ్మీ’ అనేవారు. అంటే ‘జిమ్మా’లో ఉన్నవాడు. ‘బీరువా తాళాలు నీ జిమ్మా’ అని గుమాస్తాకు అప్పగిస్తామే, ఆ జిమ్మాయే! తెలంగాణలో రోజూ వినబడే ‘జిమ్మేదారి’ కూడా దాని సంతతే. అరబ్బీలో దీనికి ఒడంబడిక, పూచీ అని అర్థాలు. ప్రాణానికి, ఆస్తికి, మతాచారానికి ప్రభువు పూచీ పడతాడు. బదులుగా ప్రజ పన్ను కట్టాలి, ఒక మెట్టు కింద ఉండాలి. మన వాడుకలో పూచీ మిగిలింది, ఆ మెట్టు మాత్రం మాసిపోయింది.

అక్బరు 1563లో యాత్రికుల పన్నును, మరుసటి ఏడు జిజియాను ఎత్తేశాడు. 1679లో ఔరంగజేబు మళ్ళీ వేశాడు. తాహతును బట్టి ఏడాదికి 12, 24, 48 దిర్హములు. స్త్రీలకు, పిల్లలకు, నిరుపేదలకు మినహాయింపు. 12 దిర్హములంటే మూడు రూపాయల పైచిలుకు. షావుకారుకు 48 ఒక లెక్క కాదు గానీ పట్నం కూలివాడికి ఆ 12 నెల రాబడి. ఢిల్లీ జనం కోట దగ్గర గుమిగూడి మొరపెట్టుకుంటే వాళ్ల మీదికి ఏనుగులను తోలించాడని మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాను రాశాడు. 1687లో గోల్కొండ పడ్డాక ఈ వసూలు హైదరాబాదుకూ వచ్చింది.

ఇక నా కోపం పత్రికల మీద. టోలుగేటు రుసుము పెరిగినా జిజియాయే, ఇంటిపన్ను పెరిగినా జిజియాయే! జిజియా ఇంటి మీద పన్ను కాదు, బండి మీదా కాదు. మతాన్ని బట్టి మగవాడి తల మీద వేసింది. ఇంటిపన్నుకు ‘ఇల్లరి’ అనే చక్కటి మాట మనకుండేది, దాన్ని మరిచాం. పశువుల మేతపన్ను ‘పుల్లరి’ మాత్రం కన్నెగంటి హనుమంతు పుణ్యమా అని బతికి ఉంది. ‘జిజియా మోత’ అని శీర్షిక పెట్టే ఉపసంపాదకులు ఒకసారి పురపాలక సంఘం వసూలు కౌంటరు దాకా వెళ్ళి చూడాలి. ఆ వరసలో అన్ని మతాలవారూ నిలబడి ఉంటారు.